గడ్డకట్టే చలిలో ఓడ ఫైర్ లైన్: నీళ్లు ఉంచాలా, తీసేయాలా?

ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్. దాని 2-2 అధ్యాయం, 10వ నియమం ఫైర్ మెయిన్ (మంటలార్పే నీటిని ఓడంతా మోసే ప్రధాన పైపు, అంటే ఫైర్ లైన్) గురించి చెప్పేవాటిలో రెండు మాటలు ముఖ్యమైనవి. 6,000 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్న కార్గో ఓడలో హైడ్రెంట్ (హోస్ తగిలించే కుళాయి) దగ్గర కనీసం 2.7 బార్ పీడనం ఉండాలి, మనుషులు మామూలుగా వెళ్లగలిగే ఏ మూలకైనా వేర్వేరు హైడ్రెంట్ల నుంచి రెండు ధారలు అందాలి అన్నది మొదటిది. పైపులూ హైడ్రెంట్లూ గడ్డకట్టే వీలు లేకుండా అమర్చాలి, నీళ్లు తీసేయడానికి తగిన డ్రెయిన్లు ఉండాలి అన్నది రెండోది. కాగితం మీద ఈ రెండింటికీ పేచీ లేదు. మైనస్ 15 డిగ్రీల్లో, ఎదురుగాలికి తడిసిన డెక్ మీద నిలబడి చూస్తే మాత్రం రెండూ పడవు. మంట ఆర్పాలంటే లైన్‌లో నీళ్లుండాలి, లైన్ బతకాలంటే నీళ్లుండకూడదు.

చలికాలంలో ఫైర్ లైన్ నిర్వహణ అంతా ఈ పేచీ చుట్టూనే తిరుగుతుంది. పంపులు చాలావరకు ఇంజిన్ రూమ్ వెచ్చదనంలో ఉంటాయి కాబట్టి వాటికి అంత కష్టం రాదు. తేడా వచ్చేది డెక్ మీద పోయే పొడవాటి పైపులో, దాని కొమ్మల్లో, వాల్వుల్లో, డ్రెయిన్ రంధ్రాల్లో. పంపు గదిలోని గేజ్ చూసి లైన్ బాగుందని అనుకోవడం అందుకే ప్రమాదం.

ముందుగా గడ్డకట్టడం సంగతి. మామూలు సముద్రపు నీరు దాదాపు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఈ అంకెను నమ్ముకుని మైనస్ 1 డిగ్రీ ఉంటే పర్వాలేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తుప్పు తగ్గడానికని లైన్‌ను మంచినీళ్లతో కడిగి వదిలేసి ఉంటే అందులో ఉన్నది సున్నా దగ్గరే గట్టిపడే నీరు. బాల్టిక్ సముద్రంలో ఉప్పు చాలా తక్కువ, అక్కడి నీరు సున్నాకు కాస్త కిందనే గడ్డకడుతుంది. నదీముఖంలో, సరస్సుల్లో పంపు నడిపితే లైన్‌లోకి చేరేది దాదాపు మంచినీరే. థర్మామీటర్ ఒక్కటే చూస్తే చాలదు, చివరిసారి ఆ పైపులోకి ఏ నీళ్లు పంపారో కూడా తెలిసి ఉండాలి.

గాలి విషయంలోనూ ఒక అపోహ ఉంది. గాలి ఎంత వీచినా ఇనుప పైపు ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే కిందికి పోదు. మనిషి ఒంటికి తగిలే చలి లెక్క పైపుకు వర్తించదు. కానీ పైపులోని వేడిని గాలి చాలా త్వరగా లాగేస్తుంది. నిశ్చలంగా ఉన్న రాత్రి గంటలు పట్టే పని గాలి వీచే రాత్రి చాలా ముందుగానే అయిపోతుంది. లావుపాటి మెయిన్ లైన్ కంటే సన్నటి హైడ్రెంట్ కొమ్మ, అందులోనూ నీళ్లు కదలకుండా నిలిచిపోయే చివర, ముందుగా గట్టిపడతాయి.

గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైపు పగిలేది మంచు ఉన్నచోటే అనుకుంటాం గానీ చాలాసార్లు అలా జరగదు. మంచు గడ్డ ఒకచోట బిరడాలా బిగుసుకుంటుంది. దానికీ మూసి ఉన్న వాల్వుకీ మధ్య ఇంకా నీళ్లుగానే ఉన్న భాగం పోవడానికి దారి లేక ఒత్తిడికి గురవుతుంది. అక్కడే వాల్వు ఒళ్లు చిట్లుతుంది, లేదా పైపుల అతుకు (ఫ్లాంజి) మధ్యలో పెట్టిన గ్యాస్కెట్ బయటికి వస్తుంది. స్టీలు పైపు కాస్త సాగి తట్టుకోవచ్చు, పోతపోసిన కంచు హైడ్రెంట్ వాల్వు అంత సాగదు. అసలు చిక్కేమిటంటే ఈ చిట్లు అప్పుడు కనిపించదు. మంచే దాన్ని మూసి ఉంచుతుంది. ఓడ వెచ్చటి నీళ్లలోకి వచ్చాకో, మంట లేచి పంపు ఆన్ చేశాకో బయటపడుతుంది.

దీన్ని తప్పించుకోవడానికి ఓడలు రెండు దారులు పడతాయి. మొదటిది నీళ్లను కదులుతూ ఉండనివ్వడం. ఒక పంపును నడుపుతూ, లైన్ చిట్టచివరి హైడ్రెంట్‌కు హోస్ తగిలించి ఓడ పక్కనుంచి సముద్రంలోకి వదులుతారు. రేవులో ఆగి ఉన్నప్పుడు, చలి ఓ మోస్తరుగా ఉన్నప్పుడు ఇది పనికొస్తుంది. కానీ మెయిన్‌లో నీళ్లు పారుతున్నాయని కొమ్మల్లోనూ పారుతున్నట్టు కాదు, నీళ్లు నిలిచే హైడ్రెంట్ కొమ్మలు అలాగే ఉంటాయి. రాత్రిపూట జనరేటర్ ట్రిప్ అయి పంపు ఆగిపోతే, ఎవరూ గమనించేలోపు లైన్ మొత్తం గట్టిపడిపోవచ్చు. హోస్ కాస్త జారి నీళ్లు డెక్ మీద పడితే అక్కడొక జారుడుబల్ల తయారవుతుంది. చలి తీవ్రంగా ఉన్నచోట ఈ పద్ధతిని నమ్ముకోవడం తెలివైన పని కాదు.

రెండోది డెక్ మీది భాగాన్ని లోపలి లైన్ నుంచి వేరుచేసి పూర్తిగా ఖాళీ చేయడం. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) పోలార్ కోడ్ ఈ దారినే చూపిస్తుంది. 2017 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఈ కోడ్ ప్రకారం ధ్రువ సముద్రాల్లో తిరిగే ఓడల్లో, బయటికి తెరిచి ఉన్న ఫైర్ మెయిన్ భాగాలను విడిగా మూయగలగాలి, వాటిలోని నీళ్లు తీసేసే ఏర్పాటు ఉండాలి. ఎమర్జెన్సీ పంపుతో సహా ఫైర్ పంపులన్నీ గడ్డకట్టని ఉష్ణోగ్రత ఉండే గదుల్లో ఉండాలి. హోసులూ నాజిల్సూ ఎప్పుడూ హైడ్రెంట్‌కు తగిలించి ఉండాల్సిన పని లేదు, దగ్గర్లో రక్షణ ఉన్న చోట భద్రపరచవచ్చు. ఫైర్‌మన్ దుస్తులు వెచ్చటి చోట ఉంచాలి. అత్యంత శీతల ప్రాంతాల్లోకి వెళ్లే ఓడకు ఒక సర్వీస్ ఉష్ణోగ్రతను నిర్ణయిస్తారు. అది ఆ ప్రాంతంలో ఆ కాలానికి నమోదైన రోజువారీ కనిష్ఠాల సగటులో అతి తక్కువదానికన్నా ఇంకా కనీసం 10 డిగ్రీలు కింద ఉండాలి. పరికరాలన్నీ ఆ లెక్కకు తట్టుకోవాలి.

ఖాళీ చేయడం చెప్పినంత తేలిక కాదు. లైన్‌ను భాగాలుగా వేరుచేసే ఐసొలేషన్ వాల్వు మూసి, కింది డ్రెయిన్ ప్లగ్ తీస్తే కొంత నీరు వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. అక్కడితో పని అయిపోయిందని లాగ్‌లో రాసేసే ఓడలు లేకపోలేదు. నీరు ఆగిపోవడానికి కారణం లైన్ ఖాళీ కావడమే కానక్కర్లేదు. లోపల రాలిన తుప్పు పెచ్చులు కొట్టుకొచ్చి చేరేది సరిగ్గా పైపు అడుగుభాగంలో, అంటే డ్రెయిన్ ఉన్నచోటే. రంధ్రం మూసుకుపోయినా నీరు ఆగిపోతుంది. పైన ఉన్న హైడ్రెంట్లు తెరవకపోతే గాలి లోపలికి పోయే దారి లేక కూడా ఆగిపోతుంది. అందుకే చివరి హైడ్రెంట్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తెరిచి, కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊది, నీటి తుంపర లేని పొడి గాలి వచ్చేదాకా ఊరుకోకూడదు. ఓడ ట్రిమ్ (ముందుకో వెనకకో ఉన్న వాలు) కూడా చూడాలి. వెనకకు వాలి ఉన్న ఓడలో నీళ్లు వెనకవైపు చేరతాయి, డ్రెయిన్ ముందు ఉంటే ఫలితం ఉండదు. సపోర్టుల మధ్య వేలాడి కుంగిన పైపు ఉంటే ఆ కుంగిన చోట ఎప్పుడూ కొంచెం నీరు మిగిలే ఉంటుంది. అలాంటి చోటుకు కొత్త డ్రెయిన్ పెట్టించాలి, లేదా పైపును సరిచేయాలి.

ఖాళీ చేశాక డ్రెయిన్లు తెరిచే ఉంచాలి. హైడ్రెంట్ వాల్వులు కొద్దిగా తెరిచి, మూతలు బిగించకుండా వదలాలి. లోపలి ఐసొలేషన్ వాల్వు కాస్త కారుతూ ఉంటే ఆ నీరు మెల్లగా డెక్ లైన్‌లోకి చేరుతూనే ఉంటుంది. డ్రెయిన్ తెరిచి ఉంటే ఆ కారడం కంటికి కనబడుతుంది, మూసేస్తే పైపు లోపల పేరుకుని గడ్డకడుతుంది. చలి ప్రాంతానికి బయల్దేరే ముందు ముఖ్యంగా పరీక్షించాల్సింది ఈ ఐసొలేషన్ వాల్వే. అది గట్టిగా మూసుకోకపోతే ఖాళీ చేసిన శ్రమంతా వృథా.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఇంజిన్ రూమ్‌లో అన్నివేళలా మనిషి కాపలా ఉండని కార్గో ఓడల్లో ఫైర్ మెయిన్ నుంచి వెంటనే నీళ్లు రావాలని సోలాస్ అంటుంది. బ్రిడ్జి (ఓడను నడిపే గది) నుంచి, ఫైర్ కంట్రోల్ స్టేషన్ నుంచి పంపు ఆన్ చేయగలగాలి, లేదా లైన్ ఎప్పుడూ పీడనంలో ఉండాలి. కాబట్టి వసతి గదులు, ఇంజిన్ రూమ్ లోపలి లైన్ నీటితోనే ఉండాలి, పొడిగా ఉండాల్సింది డెక్ భాగం మాత్రమే. ఈ రెండింటి సరిహద్దు ఎక్కడ, ఏ వాల్వు దగ్గర అన్నది అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. బ్రిడ్జి మీద బటన్ నొక్కగానే పంపు ఆన్ అవుతుంది, గేజ్ మీద పీడనం కనిపిస్తుంది, డెక్ మీద మాత్రం చుక్క రాదు. చీఫ్ ఆఫీసర్‌కు తెలుసు, డెక్ సిబ్బంది పెద్ద అయిన బోసన్‌కు తెలుసు, కానీ ఆ రాత్రి మంటలార్పే బృందంలో ఉన్న కొత్త మనిషికి తెలియకపోతే ఏం లాభం? ఏ వాల్వులు మూసి ఉన్నాయి, ఏ డ్రెయిన్లు తెరిచి ఉన్నాయి, వాటిని ఎవరు ఏ వరుసలో తిప్పాలి అన్నది ఫైర్ కంట్రోల్ ప్లాన్ పక్కన పెద్ద అక్షరాలతో ఉండాలి. వాల్వు మీద ట్యాగ్ ఉండాలి. డ్యూటీ మారినప్పుడు నోటితో చెప్పాలి. ఖాళీ లైన్‌ను సిద్ధంగా ఉన్న లైన్‌గా లెక్కపెట్టాలంటే ఇవన్నీ జరగాలి.

పొడి లైన్‌లోకి ఒక్కసారిగా నీళ్లు వదిలితే జరిగేది వేరే కథ. లోపల ఉన్న గాలి బయటికి పోయే దారి లేక నలిగి, నీటి స్తంభం వేగంగా వచ్చి మూసిన చివరను గుద్దుకుంటుంది. వాటర్ హ్యామర్ అనే ఈ దెబ్బకు పాత పైపుల ప్యాచ్‌లు, ఎక్స్‌పాన్షన్ కప్లింగులు ఊడిపోతాయి. చివరి హైడ్రెంట్ తెరిచి ఉంచి, వాల్వును మెల్లగా తిప్పుతూ నింపాలి. అందుకు పట్టే సమయాన్ని డ్రిల్‌లో ఒకసారి గడియారం పెట్టి కొలిచి ఉంచుకుంటే మంచిది.

ఇక పంపుల వైపు. సముద్రంలో నుంచి నీరు లోపలికి వచ్చేది సీ చెస్ట్ ద్వారా. మంచు తునకలు కలిసిన నీటిలో ఈ సీ చెస్ట్, దాని స్ట్రైనర్ (జల్లెడ) జావలాంటి మంచుతో మూసుకుపోతాయి. చాలా ఓడల్లో జనరల్ సర్వీస్ పంపు లేదా బాలాస్ట్ పంపు (ఓడ స్థిరత్వానికి ట్యాంకుల్లో నీరు నింపే పంపు) కూడా ఫైర్ పంపుగా లెక్కలో ఉంటుంది. నూనెలు తోడే పని దానికి మామూలుగా లేకపోతే సోలాస్ అందుకు ఒప్పుకుంటుంది. ఇంజిన్ కూలింగ్‌కు వెళ్లే సీ మెయిన్ నుంచే ఈ పంపులు కూడా లాగుతాయి కాబట్టి ఒక్క సీ చెస్ట్ మూసుకుపోతే అన్నిటికీ దెబ్బ. ఇంజిన్‌ను చల్లబరిచి వేడెక్కిన నీటిని తిరిగి సీ చెస్ట్‌లోకి పంపడం, ఆవిరితో ఊదడం దీనికి వాడుకలో ఉన్న ఉపాయాలు. ఫైర్ పంపు పరీక్షించేటప్పుడు ఏ సక్షన్ (నీరు పీల్చుకునే చోటు) నుంచి లాగుతోందో రాసిపెట్టుకోవడం మంచి అలవాటు.

ఎమర్జెన్సీ ఫైర్ పంపుది ప్రత్యేకమైన కష్టం. ఇంజిన్ రూమ్ తగలబడినా పనిచేయాలి కాబట్టి దాన్ని దూరంగా, తరచుగా ఓడ ముందు భాగంలోనో స్టీరింగ్ గేర్ వైపో పెడతారు. ఆ గదికి ఇంజిన్ వెచ్చదనం అందదు. డీజిల్‌తో నడిచేదైతే సున్నా డిగ్రీల దగ్గర చేత్తో తిప్పినా స్టార్ట్ కావాలని ఓడల అగ్నిరక్షణ వ్యవస్థలపై ఐఎంఓ ఇచ్చిన ఎఫ్ఎస్ఎస్ కోడ్ అంటుంది, అంతకంటే చలి ఉంటుందనుకుంటే హీటింగ్ పెట్టాలి. ట్యాంకులో పూర్తి లోడ్ మీద కనీసం 3 గంటలకు, నిల్వలో మరో 15 గంటలకు సరిపడా ఇంధనం ఉండాలి. ఈ అంకెలు పాటించడం కష్టం కాదు. ఆ ట్యాంకులో ఉన్నది ఎప్పుడు నింపిన నూనె అన్నది ఎవరూ అడగరు. వెచ్చటి ప్రాంతంలో నింపిన డీజిల్‌లోని మైనం చలికి గట్టిపడి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇంజిన్ నాలుగు నిమిషాలు చక్కగా తిరిగి ఆగిపోతుంది. నెలకోసారి రెండు నిమిషాల టెస్ట్‌లో ఇది దొరకదు.

తుఫానులో ఇదే పంపుకు ఇంకో గండం. సరుకు లేకుండా బాలాస్ట్ నీటితో పోతున్న ఓడ ముక్కు లేచి పడుతుంటే ముందువైపు సక్షన్ నీటి పైకి తేలి గాలి పీలుస్తుంది. ప్రయాణంలో ఎదురయ్యే ఒరుగుల్లో, ఊగుల్లో పంపు నీళ్లు లాగాలన్నది కోడ్ నియమమే, కానీ పంపులోని గాలి తీసి నీరు నింపే ప్రైమింగ్ వ్యవస్థలో చిన్న లీక్ ఉన్నా ఆ పరిస్థితిలో పంపు మళ్లీ నీరు పట్టుకోదు. అలలు లోపలికి రాకుండా ఆ గది వెంటిలేటర్లు బిగించేసి ఉంటే డీజిల్ ఇంజిన్‌కు గాలి అందదు. తుఫాను ముందు ఓడను కట్టుదిట్టం చేసే చెక్‌లిస్టులో వెంటిలేటర్ మూయమని ఉంటుంది గానీ, మంట వస్తే దాన్ని ఎవరు తెరవాలో సాధారణంగా ఉండదు.

తుఫాను డెక్ లైన్‌ను కూడా వదలదు. పొడవాటి ఓడ అలల మీద వంగి లేస్తుంటే దానితోపాటు పైపూ వంగాలి. ఎక్స్‌పాన్షన్ జాయింట్లు రంగులు పూసీ పూసీ బిగుసుకుపోయి ఉంటే ఆ కదలికంతా క్లాంపుల మీద పడుతుంది. పైపుకూ క్లాంపుకూ మధ్య ఉప్పునీరు నిలిచి తుప్పు తినే చోటు కూడా అదే. ట్యాంకర్లలో కార్గో డెక్ మీద 40 మీటర్లకు మించకుండా ఐసొలేషన్ వాల్వులు ఉండాలన్న నియమం విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఒకచోట పైపు తెగినా మిగతా భాగాన్ని కాపాడుకోవచ్చు, వాల్వు తిరిగితే. వాల్వును తిప్పే కడ్డీకి (స్పిండిల్) మామూలు గ్రీజు పెడితే చలికి మైనంలా గట్టిపడుతుంది. తక్కువ ఉష్ణోగ్రతకు తగిన గ్రీజు వేసి, అప్పుడప్పుడూ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడటానికి మించిన మందు లేదు. వాల్వు మీద పేరుకున్న మంచును ఇనుప సుత్తితో కొట్టడం మాత్రం వద్దు. చెక్క సుత్తి వాడాలి, అంతకన్నా మేలు ముందుగానే టార్పాలిన్ కప్పడం.

హోసుల సంగతి చిన్నదే కానీ తరచూ మరిచిపోతారు. డ్రిల్ తర్వాత తడిగా చుట్టిపెట్టిన హోస్ మర్నాటికి కట్టెలా అవుతుంది. బలవంతంగా విప్పితే లోపలి రబ్బరు పొర చిట్లుతుంది. నీళ్లు పూర్తిగా వంపి, ఆరబెట్టి, వెచ్చటి చోట పెట్టాలి. నిజంగా మంట ఆర్పుతున్నప్పుడు గడ్డకట్టే చలిలో నాజిల్‌ను పూర్తిగా మూయకూడదు, సన్నగానైనా పారనివ్వాలి. ఎండ ప్రాంతాల్లో ఇదే హోస్‌కు వేడి, ఉప్పు, బూజు శత్రువులు. అక్కడ మందు నీడ, గాలి.

పరీక్షల విషయానికొస్తే, అగ్నిరక్షణ వ్యవస్థల నిర్వహణపై ఐఎంఓ 2012లో ఇచ్చిన సర్క్యులర్ 1432 నెలవారీగా ఫైర్ పంపులన్నీ నడిపి చూడమంటుంది, ఎమర్జెన్సీ పంపుకు హీటింగ్ ఉంటే అదీ చూడమంటుంది. ఏడాదికోసారి హైడ్రెంట్ వాల్వులన్నీ తిప్పాలి, పంపుల పీడనమూ సామర్థ్యమూ కొలవాలి, ఐసొలేషన్ వాల్వులు మూసి ఎమర్జెన్సీ పంపును పరీక్షించాలి, ఐదేళ్లలో ప్రతి హోసూ ఒకసారి పరీక్షకు వచ్చేలా కొన్ని కొన్నిగా ప్రెషర్ టెస్ట్ చేయాలి. చలికాలంలో ఈ నెలవారీ పరీక్ష మెల్లగా లోపలి హైడ్రెంట్లకే పరిమితమైపోతుంది. డెక్ మీద నీళ్లు పోస్తే మంచవుతుంది కాబట్టి ఎవరూ పోయరు, అది సబబే. కానీ అలా నెలల తరబడి డెక్ లైన్ ఎవరూ చూడకుండా ఉండిపోతుంది. నీటికి బదులు తక్కువ పీడనంతో గాలి వదిలి ప్రతి హైడ్రెంట్ దగ్గరా గాలి వస్తోందో లేదో చూస్తే, కనీసం దారి తెరిచి ఉందని తెలుస్తుంది. అన్ని హైడ్రెంట్లూ మూసి గేజ్ చూడటం పరీక్ష కిందకు రాదు. పారని నీటికి పీడనం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. అత్యంత దూరంలో, అత్యంత ఎత్తులో ఉన్న రెండు నాజిల్స్ తెరిచినప్పుడు ఎంత మిగులుతుందన్నదే లెక్క.

పోసిన నీరు ఎటు పోతుంది అన్నదీ ఈ వ్యవస్థలో భాగమే, దాన్ని వేరే శాఖగా చూడటం వల్ల ప్రాణాలు పోయాయి. 2.7 బార్ దగ్గర ఒక 19 మి.మీ. నాజిల్ గంటకు సుమారు 20 టన్నుల నీటిని చిమ్ముతుంది. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో తగలబడ్డ నార్మండీ ఓడ, మంట ఆర్పడానికి పైడెక్కుల్లోకి పోసిన నీటి బరువుకే ఒరిగి పడిపోయింది. 2006 ఫిబ్రవరి 2 రాత్రి ఎర్ర సముద్రంలో అల్ సలాం బొకాచియో 98 ఫెర్రీలో కార్ డెక్ మీద మంట లేచింది. గాలి బలంగా ఉంది. పోసిన నీరు బయటికి పోవాల్సిన స్కప్పర్లు మూసుకుపోవడంతో డెక్ మీదే నిలిచి, అటూ ఇటూ పారుతూ ఓడను తిరగేసింది. సుమారు 1,000 మంది చనిపోయారు. తర్వాత వాహన డెక్కుల డ్రెయిన్లు మూసుకుపోకుండా ఏర్పాట్లు చేయాలన్న నిబంధన సోలాస్‌లోకి వచ్చింది. ఆ ఓడలో చలి సమస్య లేదు. గడ్డకట్టే చలిలో అయితే స్కప్పర్లను మూయడానికి చెత్త కూడా అక్కర్లేదు, మంచే ఆ పని చేస్తుంది. పైగా డెక్ మీద, గోడల మీద గట్టిపడిన నీరు కిందికి దిగకుండా ఓడ పైభాగంలోనే బరువుగా కూర్చుంటుంది. అందువల్ల చలికాలపు రౌండ్లలో హైడ్రెంట్‌తోపాటు స్కప్పర్‌ను కూడా చూడాలి, మంట ఆర్పే సమయంలో ఎంత నీరు పోశారో, ఎంత బయటికి పోయిందో బ్రిడ్జి మీద ఒకరు లెక్క రాస్తూ ఉండాలి.

ఖాళీ చేయడానికీ ఒక మూల్యం ఉంది. నీళ్లతో నిండిన పైపులో ఆక్సిజన్ కొన్నాళ్లకు తగ్గిపోయి తుప్పు నెమ్మదిస్తుంది. నింపడం, తీయడం పదేపదే జరిగే పైపులో గాలీ తేమా కలిసి అడుగుభాగాన్ని త్వరగా తినేస్తాయి. కాబట్టి సీజన్ ముగిశాక డెక్ లైన్ అడుగున, క్లాంపుల కింద, డ్రెయిన్ల చుట్టూ అల్ట్రాసోనిక్ గేజ్‌తో మందం కొలవాలి. ఓడ వెచ్చటి నీళ్లలోకి వచ్చిన మొదటి రోజే డ్రెయిన్లు మూసి, చివరి హైడ్రెంట్ తెరిచి, మెల్లగా నింపి, లైన్ పక్కనే ఒక మనిషి మొదటి నుంచి చివరిదాకా నడిచి రావాలి. చలికాలంలో పడ్డ చిట్లు ఏమున్నా చాలావరకు ఆ నడకలోనే దొరుకుతాయి. దొరికినవాటిని ప్యాచ్ వేసి సరిపెట్టకుండా తదుపరి రేవులో ఆ పైపు ముక్కనే మార్చాలి, ఎందుకంటే వచ్చే చలికాలంలో నీరు మిగిలేదీ, వాటర్ హ్యామర్ తగిలేదీ ఆ ప్యాచ్ దగ్గరే.